మలుపు వెనక లెక్క

రోడ్డు మంచిదో కాదో మనం గుంతల్ని బట్టి చెబుతాం. కానీ కంకర పరవకముందే, తారు పోయకముందే దాని మంచీ చెడూ చాలావరకూ కాగితం మీదే తేలిపోతుంది. మన కన్ను ఎంత ఎత్తులో ఉంటుంది, కాలు బ్రేకు మీదికి వెళ్లడానికి ఎంతసేపు పడుతుంది... ఇవన్నీ ముందే లెక్కగట్టి గీసిన గీతే రోడ్డు. ఆ లెక్కల సంగతే ఈ వారం!

సంక్రాంతి సెలవులు. కారులో అందరూ ఊరెళ్తున్నారు. మలుపు రాగానే కారు ఒక పక్కకి వాలినట్టయింది. 'నాన్నా, రోడ్డేంటి ఇక్కడ ఇలా ఒరిగిపోయింది?' అని వెనక సీట్లోంచి పిల్లాడు అడిగాడు. 'సరిగ్గా వేయలేదురా' అనేస్తారు చాలామంది నాన్నలు. అసలు సంగతి దానికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. సరిగ్గా వేశారు కాబట్టే రోడ్డు అక్కడ ఒరిగింది!

రోడ్డు ఎక్కడ వంగాలి, ఎంత వంగాలి, ఎంత వాలాలి, ఎంత ఎక్కాలి, ఎంత దిగాలి... ఇదంతా ఓ ప్రత్యేకమైన చదువు. ఇంజినీరింగ్ భాషలో 'జామెట్రిక్ డిజైన్' అంటారు. సివిల్ ఇంజినీరింగ్ పూర్తిచేసి రోడ్ల డిజైన్ ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడికి మొదటి రోజుల్లో నేర్పేది ఇదే. ఆ పాఠాలు రోడ్డు గీసేవాళ్లకే అనుకుంటే పొరపాటు. ఆ రోడ్ల మీద పిల్లాపాపలతో తిరిగే మనకి అంతకన్నా అవసరం.

అన్నిటికన్నా ముందు ఓ అంకె

కొత్త ఇంజినీరు ముందున్న మొదటి ప్రశ్న 'రోడ్డు ఎక్కడినుంచి ఎక్కడికి?' అనే కదా! అది ఎలాగూ ఎవరో ఒకరు చెబుతారు. అతను తేల్చుకోవాల్సిన మొదటి ప్రశ్న వేరే ఉంది. 'ఈ రోడ్డు మీద బండ్లు ఎంత వేగంతో వెళ్తాయి?' దానికి జవాబుగా వచ్చే అంకెనే 'డిజైన్ స్పీడు' అంటారు. మలుపు ఎంత వెడల్పుగా తిరగాలో, గుట్ట మీద రోడ్డు ఎంత నిదానంగా ఎక్కి దిగాలో అన్నీ ఆ ఒక్క అంకె మీదే ఆధారపడతాయి.

ఈ ఆలోచనకో చరిత్ర ఉంది. మొదట్లో గుర్రబ్బండ్ల కోసం వేసిన దారుల మీదే కార్లు పరుగులు తీశాయి. బండి వేగం పెరిగింది కానీ, మలుపులు మాత్రం గుర్రం కాలంనాటివే. ఆ తేడాకి మనుషులు బలయ్యారు. ముందు వేగాన్ని నిర్ణయించుకుని దానికి తగ్గట్టు రోడ్డులోని ప్రతి భాగాన్నీ గీయాలన్న పద్ధతిని 1936లో అమెరికా ఇంజినీరు జోసెఫ్ బార్నెట్ ముందుకు తెచ్చారు. ఇవాళ ప్రపంచమంతా ఏదో ఒక రూపంలో పాటిస్తున్నది దాన్నే.

మన దేశంలో ఈ కొలతలన్నీ నిర్ణయించేది ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్. 1927లో వేసిన జయకర్ కమిటీ సిఫార్సుల ఫలితంగా 1934లో ఏర్పడిన సంస్థ ఇది. దాని ప్రమాణాల్లో మైదాన ప్రాంతంలోని జాతీయ రహదారికి మామూలు డిజైన్ స్పీడు గంటకు 100 కిలోమీటర్లు. కొండ ప్రాంతంలో 50. మరీ నిటారు కొండలైతే 40. 158 కిలోమీటర్ల హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు లాంటి ఎక్స్‌ప్రెస్‌వేలకైతే 120.

రోడ్డు పక్కన కనిపించే స్పీడు బోర్డు వేరు, ఈ అంకె వేరు. బోర్డును ఒక్క పూటలో మార్చొచ్చు. డిజైన్ స్పీడు మాత్రం నేలలోకి దిగిపోయి ఉంటుంది. భూమి కొని, కొండ తవ్వి, మట్టి పోసి వేసిన మలుపును రేపు పొద్దున ఇంకాస్త పెద్దది చేద్దామంటే కుదరదు కదా!

రెండున్నర సెకన్లు

రోడ్డు మీద అడ్డంగా గేదె నిలబడింది. బ్రేకు వేయడానికి మీకు ఎంతసేపు పడుతుంది? 'చూడగానే వేసేస్తా' అంటారేమో. అంత తేలిక కాదు. ముందు కన్ను చూడాలి. అది గేదో, నీడో, ఆగి ఉన్న లారీయో మెదడు పోల్చుకోవాలి. ఆగాలా, పక్కకి తప్పుకోవాలా తేల్చుకోవాలి. ఆ తర్వాతే కాలు లేచి బ్రేకు మీద పడాలి. వీటన్నిటికీ కలిపి డిజైనరు ఇచ్చే సమయం 2.5 సెకన్లు.

'అంతసేపెందుకు, నాకు ఒక్క సెకను చాలు' అనే కుర్రాళ్లుంటారు. కానీ రోడ్డును చురుకైన కుర్రాడి కోసమే గీయరు. రాత్రంతా లారీ నడిపిన డ్రైవరు, అరవై దాటిన పెద్దాయన, వెనక సీట్లో ఏడుస్తున్న పాపను ఓ చెవితో వింటూ కారు నడుపుతున్న అమ్మ... వీళ్లందరికీ సరిపోయేలా గీస్తారు. అందుకే కొత్త ఇంజినీరుకి చెప్పే మొదటి నీతి ఇది: నీ రోడ్డు మీదికి వచ్చేది మామూలు మనిషి. అలసిపోతాడు, ఏమరుపాటుగా ఉంటాడు. అతన్ని అలాగే ఒప్పుకుని గీయి.

ఇప్పుడు లెక్క చూద్దాం. గంటకు 100 కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు 28 మీటర్లు. రెండున్నర సెకన్లలో 70 మీటర్లు. అంటే బ్రేకు మీద కాలు పడకముందే బండి 70 మీటర్లు వెళ్లిపోయింది! ఆ తర్వాత బ్రేకు పట్టి బండి ఆగడానికి ఇంకో 110 మీటర్లు. మొత్తం 180. అందుకే 100 కిలోమీటర్ల రోడ్డు మీద ఎక్కడ నిలబడి చూసినా కనీసం 180 మీటర్ల ముందుదాకా కనిపించి తీరాలి. దీన్నే 'ఆగే చూపు దూరం' అనుకోవచ్చు. 50 కిలోమీటర్ల రోడ్డుకైతే 60 మీటర్లు చాలు. వేగం సగమైతే, కావాల్సిన దూరం మూడో వంతుకి పడిపోయింది!

మలుపు లోపలి పక్కన చెట్లు కొట్టడం, గట్టు చెక్కడం ఇందుకే. అక్కడ ఓ హోటలో, పెద్ద ఫ్లెక్సీ బోర్డో వెలిసిందనుకోండి. అది ప్రభుత్వ స్థలం ఆక్రమించిందన్నది ఒక్కటే కాదు మన బాధ. మనం చూడాల్సిన 180 మీటర్లలో కొంత మింగేసింది.

వేగం కాస్త పెంచితే ఏమవుతుందో కూడా చూడండి. ఒకే చోట, ఒకే గేదెను చూసి ఇద్దరు బ్రేకు వేశారు. ఒకరు 100తో వస్తున్నారు, ఇంకొకరు 120తో. బండ్లు, బ్రేకులు, రోడ్డు అన్నీ ఒకటే. మొదటి కారు సరిగ్గా గేదె ముందు ఆగింది. అదే చోట రెండో కారు ఎంత వేగంతో ఉంటుంది? మహా అయితే 20 అనుకుంటాం. లెక్క వేస్తే గంటకు 75 కిలోమీటర్లు వస్తుంది! ఆలోచనలో పోయిన దూరం ఎక్కువ, బ్రేకు పట్టాల్సిన వేగమూ ఎక్కువ. వేగం అయిదో వంతు పెరిగితే ఆగే దూరం మూడో వంతుకు పైగా పెరుగుతుంది. కొద్దిగా ఎక్కువ వేగం అన్నమాటకి అర్థం లేనిది ఇందుకే.

గీత తెగిందా... తెగలేదా?

రెండు వరసల రోడ్డు మీద ముందు ఓ లారీ నెమ్మదిగా వెళ్తోంది. దాన్ని దాటాలి. ఎదురుగా ఎంత దూరం ఖాళీగా కనిపిస్తే దాటొచ్చు?

80 కిలోమీటర్ల రోడ్డు మీద డిజైనరు లెక్క 470 మీటర్లు. దాదాపు అర కిలోమీటరు! ముందున్న బండి మనకన్నా 16 కిలోమీటర్లు తక్కువ వేగంతో వెళ్తోందనుకుంటే దాన్ని దాటి మళ్లీ మన వరసలోకి రావడానికి 12.5 సెకన్లు పడుతుందని అంచనా. ఈలోగా ఎదుటి బండి ఊరుకుంటుందా? అదీ అంతే వేగంతో మన మీదికి వస్తూనే ఉంటుంది. ఆ దూరాన్నీ కలిపితే వచ్చిన లెక్క 470. అదే 100 కిలోమీటర్ల వేగమైతే 640 మీటర్లు.

మైళ్లకు మైళ్లు అంత చూపు ఇవ్వడం ఏ ఇంజినీరు వల్లా కాదు. గుట్టలుంటాయి, వంకలుంటాయి. అందుకని దాటడానికి వీలున్న చోట నడిమి గీతను తెంపుతూ వేస్తారు. చూపు చాలని చోట తెగకుండా వేస్తారు. ఆ తెగని గీత పోలీసులు జరిమానా రాయడానికి వేసింది అనుకుంటారు కొందరు. అది ఇంజినీరు మనకి రాసిన ఉత్తరం. 'ఇక్కడ నీకు కనిపించేంత దూరంలో నువ్వు దాటలేవు. నేను కొలిచి చూశాను' అని అందులో ఉంటుంది. రెండు గీతలు పక్కపక్కనే ఉంటే మన వైపున్నదే మనకి వర్తిస్తుంది.

రోడ్డు ఎందుకు ఒరుగుతుంది?

ఇక పిల్లాడి ప్రశ్నకి వద్దాం. నాంపల్లి నుమాయిష్‌లో 'మౌత్ కా కువా' చూశారా? చెక్క బావి గోడ మీద మోటార్ సైకిల్ గిర్రున తిరుగుతుంటుంది. పడిపోదు. గుండ్రంగా తిరిగే బండిని ఏదో ఒకటి లోపలికి నెడుతూ ఉండాలి. అక్కడ ఆ పని గోడ చేస్తుంది. రోడ్డు మలుపులో గోడ ఉండదు. టైరుకీ రోడ్డుకీ మధ్య రాపిడి ఒక్కటే దిక్కు. అది చాలకపోతే బండి బయటికి జారిపోతుంది. అందుకని రోడ్డు బయటి అంచును కొంచెం పైకి లేపి గోడ చేసే పనిలో కొంత రోడ్డుకే అప్పగిస్తారు. దీని పేరు 'సూపర్ ఎలివేషన్'.

ఎంత లేపుతారు? మైదానంలో అయితే గరిష్ఠంగా నూటికి 7 వంతులు. ఏడు మీటర్ల వెడల్పున్న రెండు వరసల రోడ్డుకి లోపలి అంచుకన్నా బయటి అంచు 49 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. దాదాపు మోకాలి ఎత్తు! కారులో కూర్చుంటే అంత తెలియదు. దిగి నిలబడి చూస్తే ఆశ్చర్యపోతాం.

ఇంకా లేపితే ఇంకా వేగంగా వెళ్లొచ్చు కదా? వెళ్లొచ్చు. కానీ మన రోడ్డు మీద కార్లొక్కటే తిరగవు. గడ్డి మోపులు ఆకాశానికెత్తిన ట్రాక్టరు, చెరకు లారీ, ఎడ్లబండి కూడా అదే మలుపులో వెళ్లాలి. నెమ్మదిగా వెళ్లే ఎత్తైన బండికి వాలు ఎక్కువైతే లోపలి పక్కకి పడిపోతుంది. అందుకే 7 దగ్గర ఆపారు. మంచు పడని కొండదారుల్లో 10 దాకా వెళ్లనిస్తారు. వేగంగా వెళ్లేవాడు బయటికి పోకూడదు, నిదానంగా వెళ్లేవాడు లోపలికి పడకూడదు. ఇద్దరికీ న్యాయం చేసే అంకె అది.

రోడ్డును అంతకుమించి లేపలేరు, రాపిడిని అంతకుమించి నమ్మలేరు. ఇక మిగిలింది మలుపును పెద్దది చేయడమే. మైదానంలో 100 కిలోమీటర్ల వేగానికి మలుపు వ్యాసార్థం కనీసం 360 మీటర్లు ఉండాలి. 80కి 230 మీటర్లు చాలు. 80 కోసం గీసిన ఆ 230 మీటర్ల మలుపులోకి ఎవరైనా 100తో దూరారనుకోండి. టైరు పట్టు మీద పడే భారం ఇంజినీరు అనుకున్నదానికి దాదాపు రెట్టింపవుతుంది. ఎండాకాలం, కొత్త టైర్లు అయితే బతికి బయటపడతారు. 'ఏం కాలేదుగా' అనుకుంటారు. అదే మలుపులో, అదే వేగంతో, అరిగిన టైర్లతో, వాన పడ్డ రాత్రి వెళ్లినప్పుడు తెలుస్తుంది ఆ లెక్క దేనికో!

మలుపులో ఇంకో చిన్న ఏర్పాటు కూడా ఉంటుంది. తిన్నటి రోడ్డు చివర వృత్తం ముక్కని నేరుగా అతికించరు. ఎందుకంటే ఎవరూ స్టీరింగ్‌ను ఒక్క దెబ్బలో తిప్పరు. కొద్దికొద్దిగా తిప్పుకుంటూ వస్తారు. రోడ్డు కూడా అలాగే కొద్దికొద్దిగా వంగుతూ వెళ్లి మలుపులో కలుస్తుంది. దీన్ని 'ట్రాన్సిషన్ కర్వ్' అంటారు. బయటి అంచు పైకి లేవడం కూడా ఈ ముక్కలోనే జరుగుతుంది. మన చెయ్యి ఎలా కదులుతుందో చూసి రోడ్డును అలా వంచారన్నమాట. ఇది సరిగ్గా కుదిరిన మలుపులో కాఫీ గ్లాసు తొణకదు, నిద్రపోయే పాప లేవదు.

బస్సు మలుపు తిరిగేటప్పుడు వెనక చక్రాల్ని గమనించండి. ముందు చక్రాలు వెళ్లిన దారిలో అవి రావు. ఇంకాస్త లోపలికి కోసుకుంటూ వస్తాయి. అందుకే చిన్న మలుపుల్లో రోడ్డును కావాలని వెడల్పు చేస్తారు. తిరుగుతున్న బస్సుకి లోపలి పక్కన బైకు దూర్చకూడదు అనేదీ ఇందుకే. ముందు చక్రం దూరంగా పోయిందని ధైర్యపడితే వెనక చక్రం మీదికి వస్తుంది.

గుట్ట ఎక్కి దిగితే...

మలుపులు పక్కలకే ఉండవు. పైకీ కిందికీ కూడా ఉంటాయి. గుట్ట ఎక్కుతున్నప్పుడు శిఖరం అవతల ఏముందో కనిపించదు. అందుకని శిఖరాన్ని చెక్కి బోర్లించిన మూకుడులా నిదానంగా వంచుతారు. ఎంత నిదానంగా అంటే... ఇక్కడా మన కన్నే కొలబద్ద! కారులో కూర్చున్న డ్రైవరు కన్ను రోడ్డుకి 1.2 మీటర్ల ఎత్తులో ఉంటుందని లెక్క. అవతల పడి ఉన్న రాయి ఎత్తు 15 సెంటీమీటర్లు. ఆ కంటికి ఆ రాయి 180 మీటర్ల ముందే కనిపించాలి. నూటికి మూడు చొప్పున ఎక్కి అంతే వాలుతో దిగే చిన్న గుట్టకి ఈ లెక్క వేస్తే వంపు దాదాపు 440 మీటర్ల పొడవు వస్తుంది. హైవే వేసేటప్పుడు 'ఇంత చిన్న గుట్టకి అంత తవ్వకం దేనికి?' అనుకుంటాం. ఓ జానెడు ఎత్తు కూడా లేని రాయి మనకి కనిపించడానికి!

పల్లంలో కథ వేరు. పగలు అంతా కనిపిస్తుంది. చిక్కంతా రాత్రే. హెడ్‌లైటు వెలుగు నేరుగా పోతుంది, రోడ్డేమో పైకి లేస్తుంది. ఆ వెలుగు పక్కనే నేలకి తగిలి ఆగిపోతుంది. కాబట్టి పల్లాన్ని హెడ్‌లైటు ఎత్తును, దాని వెలుగు పడే కోణాన్ని బట్టి గీస్తారు. గుట్టను కంటితో, పల్లాన్ని దీపంతో కొలుస్తారని గుర్తుపెట్టుకుంటే చాలు.

అడ్డదారి లేని కొండ

ఘాట్ రోడ్డెక్కితే 'అదుగో కొండ ఎదురుగానే ఉంది, ఇన్ని మెలికలెందుకు?' అనిపిస్తుంది. కొండల్లో రోడ్డుకి మామూలుగా ఒప్పుకునే వాలు ఇరవైకి ఒకటి. అంటే ఇరవై మీటర్లు నడిస్తే ఒక మీటరు ఎక్కాలి. 600 మీటర్ల ఎత్తు ఎక్కాలంటే 12 కిలోమీటర్ల రోడ్డు కావాలి. శిఖరం రెండు కిలోమీటర్ల దూరంలో కళ్లముందే ఉన్నా సరే! ఆ 12 కిలోమీటర్లను ఉన్న కాస్త చోటులో ఇమడ్చాలంటే మెలికలు తిప్పక తప్పదు. అరకు, మారేడుమిల్లి, శ్రీశైలం దారుల్లోని వంపులన్నిటి వెనకా ఉన్నది ఇదే లెక్క.

హెయిర్‌పిన్ మలుపుల దగ్గర ఇంకా జాగ్రత్త. అక్కడ డిజైన్ స్పీడు 20 కిలోమీటర్లే. లోపలి వ్యాసార్థం కనీసం 14 మీటర్లు. పైగా మలుపు తిరిగే చోట వాలును నలభైకి ఒకటికి మించనివ్వకూడదు. నిండు బస్సు తిరుగుతూ, ఎక్కుతూ రెండు పనులు ఒకేసారి చేయలేదని! ఇరుకైన కొండదారిలో ఎక్కే బండికి దారివ్వాలన్న నియమం కూడా ఇక్కడినుంచి వచ్చిందే. వాలులో ఆగిన బరువైన బండి మళ్లీ కదలడం కష్టం. తిరుమలకి 1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డుకి తోడు మరో రోడ్డు వేశాక పాతదాన్ని దిగడానికి, కొత్తదాన్ని ఎక్కడానికి కేటాయించారు. మలుపు అవతలి నుంచి ఎదురు బండి వస్తుందన్న భయమే లేకుండా పోయింది. డిజైన్‌లో ఒక్కోసారి అన్నిటికన్నా పెద్ద మార్పు ఇంత సులువుగా ఉంటుంది.

తిన్నటి రోడ్డే మంచిదా?

మలుపుల గొడవ ఇంత ఉంటే రోడ్డును తిన్నగా వేసేస్తే పోలా? ఆస్ట్రేలియాలో ఐర్ హైవే మీద అలాంటి ముక్క ఒకటుంది. దాదాపు 146 కిలోమీటర్ల పాటు మలుపన్నదే లేదు. అలాంటి దారిలో డ్రైవరు చేతికి పని ఉండదు. కళ్లు రోడ్డు మీదే ఉన్నా మెదడు జోగుతుంది. ఎంత వేగంతో వెళ్తున్నామో తెలియదు. ఎదుటి బండి ఎంత దూరంలో ఉందో అంచనా అందదు. మన ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కూడా 3 కిలోమీటర్లకు మించిన తిన్నటి రోడ్డును వీలైనంతవరకు వేయవద్దనే చెబుతుంది. దానికన్నా పెద్ద పెద్ద వంపులతో సాగే రోడ్డు మేలంటుంది. 2022లో దేశంలో జరిగిన రోడ్డు ప్రమాదాల్లో మూడింట రెండు వంతులు తిన్నటి రోడ్ల మీదే! ఉన్న రోడ్లలో ఎక్కువ భాగం తిన్నగా ఉండటం దానికో కారణం. అయినా 'తిన్నగా ఉంటే భయం లేదు' అన్న మాటని నమ్మకూడదని మాత్రం తెలుస్తుంది.

'దయ్యం మలుపు'

మన ఊళ్ల దగ్గర ఇలాంటి పేర్లున్న మలుపులు చాలానే ఉంటాయి. అక్కడ ఎప్పుడూ ఏదో ఒక బండి పడుతుంది. నిమ్మకాయలు కడతారు, కొబ్బరికాయలు కొడతారు. అధికారుల భాషలో వాటి పేరు 'బ్లాక్ స్పాట్'. జాతీయ రహదారి మీద సుమారు 500 మీటర్ల మేర మూడేళ్లలో ప్రాణాలు తీసిన, లేదా తీవ్ర గాయాలు చేసిన ప్రమాదాలు అయిదు జరిగినా, పదిమంది చనిపోయినా ఆ ముద్ర వేస్తారు.

అక్కడి దయ్యం చాలాసార్లు జామెట్రీలో దాక్కుని ఉంటుంది. కొన్ని కిలోమీటర్లు తిన్నగా సాగి, హఠాత్తుగా ఓ చిన్న మలుపు. లేదా గుట్ట శిఖరం దాటీ దాటగానే, ముందు కనిపించని మలుపు. విడివిడిగా కొలిస్తే రెండూ నిబంధనల ప్రకారమే ఉండొచ్చు. కంప్యూటర్లో సాఫ్ట్‌వేర్ కూడా 'సరే' అనొచ్చు. కానీ పుస్తకంలో ఉన్నది కనీస కొలత. అంటే 35 మార్కులు. ప్రతి సబ్జెక్టులోనూ సరిగ్గా 35 తెచ్చుకున్నవాడు పాసైనట్టే కానీ బాగా చదివినట్టు కాదు కదా! కనీసం మీద కనీసం పేర్చితే చావు మలుపు తయారవుతుంది.

కొత్త ఇంజినీరుకి అనుభవజ్ఞులు నూరిపోసే సూత్రం అందుకే పుట్టింది. డ్రైవరును ఆశ్చర్యపరచకు. గత నాలుగు కిలోమీటర్లలో రోడ్డు అతనికి ఏం అలవాటు చేసిందో, ముందు కూడా అదే ఉంటుందని అతను నమ్ముతాడు. ఆ నమ్మకాన్ని వమ్ము చేయాల్సి వస్తే ముందే చెప్పాలి. వంపుల్ని క్రమంగా చిన్నవి చేసుకుంటూ రావాలి. బాణం గుర్తుల బోర్డులు పెట్టాలి. ఔటర్ రింగ్ రోడ్డు దిగేటప్పుడు మనమూ దీన్ని గుర్తుంచుకోవాలి. 120 వేగానికి అలవాటుపడ్డ కంటికి 70 కూడా నత్తనడకలా అనిపిస్తుంది. దిగే ర్యాంపు మలుపు మాత్రం చాలా తక్కువ వేగానికి గీసింది. అక్కడ కంటిని నమ్మకూడదు, స్పీడోమీటరును నమ్మాలి.

రోడ్డు దాటే అవ్వ సంగతేంటి?

ఇంతసేపూ డ్రైవరు కన్ను, డ్రైవరు చెయ్యి, డ్రైవరు కాలు గురించే మాట్లాడుకున్నాం. ఈ చదువులోని లోటు కూడా అదే. హైవే ఓ పక్క ఇల్లు, మరో పక్క చేను ఉన్న అవ్వ మాటేమిటి? ఆమె సెకనుకు 80 సెంటీమీటర్ల చొప్పున నడుస్తుందనుకుందాం. ఏడు మీటర్ల రోడ్డు దాటడానికి దాదాపు 9 సెకన్లు. ఆ తొమ్మిది సెకన్లలో 100తో వచ్చే కారు 240 మీటర్లు వస్తుంది. డ్రైవరుకి ఆగడానికి సరిపోయిన 180 మీటర్ల చూపు, అవ్వకి దాటడానికి సరిపోదు! ఆమె అడుగు పెట్టినప్పుడు రోడ్డు ఖాళీ. నడిమధ్యకి వచ్చేసరికి కారు మీద ఉంటుంది.

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ నివేదిక చెబుతోంది. వాళ్లలో 32,825 మంది పాదచారులు. 74,897 మంది ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్లు. మొత్తం మరణాల్లో నూటికి 71 వాటికి అతివేగమే కారణమని అదే నివేదిక తేల్చింది. అంటే పోయినవాళ్లలో ఎక్కువమంది, చుట్టూ ఇనుప డబ్బా లేనివాళ్లే.

నాలుగు వరసల హైవే ఊరి మధ్యనుంచి పోతున్నప్పుడు అండర్‌పాస్, సర్వీసు రోడ్డు అదనపు హంగులు కావు. అవ్వ లెక్క కూడా వేసిన రోడ్డుకే అవి ఉంటాయి. అండర్‌పాస్ అర కిలోమీటరు దూరంలో పెడితే ఆమె అంత నడవదు. డివైడర్‌లో జనం చేసుకున్న సందులోంచే దూరుతుంది. 'జనానికి బుద్ధి లేదు' అని తిట్టడం తేలిక. మామూలు డ్రైవరు ఎలా ప్రవర్తిస్తాడో ఒప్పుకుని మలుపు గీసిన చదువు, మామూలు అవ్వ ఎలా నడుస్తుందో కూడా ఒప్పుకుని దారి గీయాలి. మీ ఊరి మీదుగా రోడ్డు విస్తరణ వస్తే గ్రామసభలో 'ఎన్ని వరసలు?' అని అడగడంతో ఆగిపోకండి. 'మేం ఎక్కడ దాటాలి?' అని కూడా అడగండి. మట్టి పోయకముందు అడిగితే అది కాగితం మీద ఓ గీత. పోశాక అడిగితే కోట్ల ఖర్చు.

ఈసారి ప్రయాణంలో...

* నడిమి గీత తెగకుండా ఉంటే దాటకండి. ఖాళీగా కనిపిస్తున్నా సరే.

* మలుపు బోర్డు మీద వేగం అంకె ఉంటే అది ఆ మలుపు భరించే వేగం. వాన పడితే దానికన్నా తగ్గించాలి.

* గుట్ట శిఖరం దగ్గరికొస్తుంటే మీ వరసలోనే, ఎడమ పక్కనే ఉండండి. అవతల ఏముందో మీకు తెలియదు.

* రాత్రి హెడ్‌లైటు ఎంత దూరం చూపిస్తుందో అంతలోపు ఆగగలిగే వేగంతోనే వెళ్లండి. ఎదురు బండి వచ్చి లైటు డిమ్ చేస్తే వేగం కూడా తగ్గించండి.

* మీ ఊరి దగ్గర మలుపు లోపలి పక్కన చూపుకి అడ్డంగా పొదలో, ఫ్లెక్సీలో ఉంటే పంచాయతీకో, రోడ్లు భవనాల శాఖకో చెప్పండి. ప్రాణాలు కాపాడటానికి ఇంతకన్నా చవకైన పని లేదు.

ఇక మలుపులో కారు ఒరిగినప్పుడు పిల్లాడు మళ్లీ అడుగుతాడు కదా! అప్పుడు చెప్పండి. 'ఈ రోడ్డు గీసినాయన మనం ఎంత వేగంతో వస్తామో ముందే అనుకుని, పడిపోకుండా పట్టుకోవడానికి ఇలా వంచాడురా' అని. ఆ మాట చెబుతూ ఓసారి స్పీడోమీటరు వంక కూడా చూసుకోండి. ఆయన అనుకున్న అంకె లోపల ఉన్నంతసేపే ఆ పట్టు!